కొసరు సంగతి తర్వాత, ముందు తూకం చూడండర్రా

ఏమర్రా, సింగపూర్‌లో లక్ష రూపాయల సామాను క్రెడిట్ కార్డు మీద కొంటే ఇక్కడ బిల్లు ఎంత వస్తుంది? లక్షే కదా తాతయ్యా అంటారు. కాదర్రా! చాలా మామూలు కార్డుల మీద అది లక్షా నాలుగు వేల నూట ముప్పై. పైన పడ్డ ఆ నాలుగు వేల మాట ఎవరూ ఎత్తరు. కార్డు అంటగట్టేవాడు చెప్పేదల్లా పాయింట్లు, ఎయిర్ మైల్స్, విమానాశ్రయం లాంజ్‌లో ఉచిత భోజనం. కూరగాయల బజారులో మీ నానమ్మను చూశారుగా? కొట్టువాడు గుప్పెడు కరివేపాకు ఊరికే వేస్తానంటూ ఊరిస్తుంటే ఆవిడ కరివేపాకు వంక చూడదు, తక్కెడ ముల్లు వంక చూస్తుంది. కొసరు ఎంతిచ్చినా తూకంలో కొట్టేస్తే ఏం లాభం? విదేశం వెళ్లేవాళ్లు కార్డు ఎంచుకునే విద్యంతా ఇందులోనే ఉంది.

తూకం సంగతి చూద్దాం. ఆ దేశపు డాలర్లను మన రూపాయల్లోకి మార్చే ధరను వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కులు రోజూ నిర్ణయిస్తాయి. అది బయటి మార్కెట్ ధరకు దగ్గరగానే ఉంటుంది. దాని మీద మన బ్యాంకు వేసుకునే రుసుమే ఫారెక్స్ మార్కప్. మన దేశంలో చాలా కార్డులకు ఇది 3.5 శాతం, అంటే లక్షకు 3,500. ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అది 630. మొత్తం 4,130 అయిందా? ఇప్పుడు కొసరు లెక్క. వందకు రెండు పాయింట్లు, పాయింటుకు అర్ధరూపాయి అనుకోండి. లక్ష మీద వచ్చేది వెయ్యి. వెయ్యి వచ్చిందన్న సంబరంలో నాలుగు వేలు పోయిన సంగతి మనకు గుర్తే ఉండదు! మార్కప్ 2 శాతమే తీసుకునే కార్డులున్నాయి, అసలు తీసుకోనివీ ఉన్నాయి. అందుకే రంగురంగుల రివార్డుల కాగితం పక్కన పెట్టి, ముందు ఛార్జీల పట్టిక తెరవాలి.

అసలీ పాయింట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి తాతయ్యా అని అడగరేం? అడగాలి! మనం కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు తనకొచ్చే సొమ్ములోంచి కొంత వదులుకుంటాడు. అందులో ఒక వాటా మనకు కార్డిచ్చిన బ్యాంకుకు చేరుతుంది. దాన్నే ఇంటర్‌ఛేంజ్ అంటారు. అందులోంచి ఒక ముక్క విరిచి బ్యాంకు మనకు పాయింట్లుగా పంచుతుంది. 2015లో యూరోపియన్ యూనియన్ వాళ్లు క్రెడిట్ కార్డు ఇంటర్‌ఛేంజ్ 0.3 శాతం దాటకూడదని చట్టం చేశారు. దాంతో అక్కడి కార్డుల రివార్డులు పలచబడ్డాయి. పైనుంచి నీళ్లు తగ్గితే కాలవలోనూ తగ్గుతాయి కదా మరి!

ఎయిర్ మైల్స్‌ది ఇంకో కథ. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ పేరుతో ఒక పథకం పెట్టింది. మా విమానంలో ఎన్ని మైళ్లు తిరిగితే అన్ని మైళ్లు మీ ఖాతాలో వేస్తాం, కూడబెట్టుకుంటే టికెట్ ఇస్తాం అంది. తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి, బ్యాంకుల కార్డులూ వాటితో జత కలిశాయి. ఎయిరిండియా 2014లో స్టార్ అలయన్స్ అనే కూటమిలో చేరింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా అందులోదే. అంటే ఒకరి దగ్గర పోగేసిన మైళ్లతో ఇంకొకరి విమానంలో సీటు దొరికే వీలుంది. బాగుంది కదూ? కానీ ఒక్క మాట మరవకండి. రూపాయికి రిజర్వు బ్యాంకు పూచీ ఉంది. పాయింటుకు అలాంటి పూచీ లేదు. నిరుడు పదివేల మైళ్లకు వచ్చిన సీటు ఈ ఏడు పదిహేను వేలు కావాలంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. పాయింట్లు దాచుకునే వస్తువు కాదర్రా, వాడుకునే వస్తువు.

అక్కడి దుకాణంలో ఇంకో మెలిక ఉంటుంది. కార్డు పెట్టగానే మిషను తెర మీద రెండు గళ్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో సింగపూర్ డాలర్లు, రెండోదాంట్లో మన రూపాయలు. పరాయి దేశంలో రూపాయి గుర్తు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చి వేలు అటే పోతుంది. అటు పోనివ్వకండి! రూపాయలు నొక్కితే మారకం ధర ఆ దుకాణం తరఫు కంపెనీ చెప్పినంత. దాని లాభం అందులోనే కలిపేసి ఉంటుంది. మన దగ్గర కొన్ని బ్యాంకులు దీనిమీద వేరే రుసుము కూడా వేస్తాయి. ఎప్పుడూ ఆ ఊరి డబ్బే నొక్కాలి. ఇక క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు తీయడమంటారా, ఆ జోలికే పోవద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

సింగపూర్ బస్సులో కార్డు ఇలా తాకిస్తే చాలు, టికెట్ అయిపోతుంది. ఆ కార్డులో బ్యాటరీ ఉందా? లేదు! అట్ట లోపల సన్నటి తీగ చుట్టు ఉంటుంది. మిషను చుట్టూ క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కార్డు దగ్గరకు రాగానే ఆ తీగలో కరెంటు పుడుతుంది, చిప్పు మేలుకుంటుంది. మారే అయస్కాంతం తీగలో కరెంటు పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన పుస్తకాలకు అట్టలు కుట్టే పని నేర్చుకున్న కుర్రాడు, పెద్ద చదువులేవీ లేవు. ఆ కుర్రాడి పుణ్యాన ఇవాళ మనం చిల్లర వెతుక్కోకుండా బస్సెక్కుతున్నాం. అయితే మన కార్డు అక్కడ పలకాలంటే బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ మీట వేసుకోవాలి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది.

సరే, ఇక మీ వంతు. ఒక కార్డుకు ఏడాది రుసుము లేదు కానీ మార్కప్ 2 శాతం, పాయింట్ల విలువ 1.5 శాతం. రెండో దానికి మార్కప్ లేదు, పాయింట్లూ లేవు, ఏడాది రుసుము మాత్రం వెయ్యి. జీఎస్టీ కలపడం మరిచిపోకండి. లక్ష ఖర్చుపెట్టేవాళ్లకు ఏది మేలు, రెండు లక్షలు పెట్టేవాళ్లకు ఏది మేలు? రెండింటికీ ఒకే జవాబు రాస్తే మాత్రం లెక్క తప్పినట్టే. పలకలు తెచ్చుకోండి, ముందు తేల్చినవాళ్లకు జంతికల డబ్బా!