ఖజానాకు చేరని రాబడి: ఓబుళాపురం నుండి ఎన్నూరు దాకా

మింజూరుకు సమీపంలోని ఎన్నూరు రేవులో (2014 నుండి దాని పేరు కామరాజర్ రేవు) ఇనుప ఖనిజాన్ని ఓడలకు ఎత్తడానికి ప్రత్యేకంగా ఒక బెర్తు నిర్మించారు. బళ్లారి, హోస్పేట ప్రాంతాల ఖనిజం గూడ్సు బండ్లలో అక్కడికి చేరుతుందని అంచనా. 2011లో కట్టడం పూర్తయ్యేనాటికి ఎత్తవలసిన ఖనిజమే రావడం మానేసింది. ఏళ్ల తరబడి ఖాళీగా పడివున్న ఆ బెర్తును చివరకు బొగ్గు కోసం మార్చుకోవలసి వచ్చింది. రేవు పనులకో, గోదాముల పనులకో వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగువారు తెలుసుకోదగిన సంగతి ఇది. ఆ ఖనిజాన్ని ఆపివేసిన అవినీతి కథలో ఒక ముఖ్యభాగం తెలుగునేల మీదనే, అనంతపురం జిల్లా ఓబుళాపురంలో నడిచింది.

గనిని లీజుకు తీసుకున్నవారు తవ్విన ప్రతి టన్నుకు రాష్ట్ర ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించాలి. దానిని పన్ను అనడం కన్నా, తరిగిపోయే ఆస్తికి వెల అనడం సమంజసం. రాయల్టీ పన్ను కాదని సుప్రీంకోర్టు కూడా 2024 జూలైలో తీర్పు చెప్పింది. కోసిన పంట మరుసటి ఏడు మళ్లీ పండుతుంది. తవ్విన ఖనిజం మళ్లీ పుట్టదు. కనుక ఎగవేసిన రాయల్టీ ప్రభుత్వానికి శాశ్వతంగా పోయినట్లే.

2009 ఆగస్టు వరకు ఈ రాయల్టీ మేలురకం ఖనిజానికి సైతం టన్నుకు 27 రూపాయలు మించలేదు. అదే కాలంలో, చైనా కొనుగోళ్ల ఊపులో, విదేశీ విపణిలో టన్ను ధర 100 డాలర్లు దాటింది. చట్టప్రకారం చెల్లించినా ఖజానాకు దక్కేది నామమాత్రం. పైగా దానినీ ఎగవేశారు. అనుమతి లేనిచోట తవ్వడం, ఆ సరుకును అనుమతి ఉన్న గని పేరుతో సాగనంపడం, లారీలో పరిమితికి మించి బరువు ఎత్తడం, ఇవీ పద్ధతులు. వీటిలో వచ్చే లాభం ముందు ఉద్యోగికి ముట్టజెప్పే లంచం ఏపాటిది? లక్ష రూపాయల లంచం అని పత్రికలో చదివినప్పుడు నష్టం కూడా లక్షే అనుకుంటాము. కాని లంచం తాళంచెవికి ఇచ్చిన వెల. పోయేది గదిలోని సొమ్ము.

ఓబుళాపురం మైనింగ్ కంపెనీపై సీబీఐ 2009 డిసెంబరులో కేసు నమోదు చేసింది. ఖజానాకు 884 కోట్ల రూపాయల నష్టం జరిగిందని ఆ సంస్థ అభియోగం. 2025 మే 6న హైదరాబాదులోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం గాలి జనార్దనరెడ్డికి, ఒకప్పటి గనుల శాఖ సంచాలకుడు వి.డి. రాజగోపాల్‌కు, మరి ఇద్దరికి ఏడేళ్ల శిక్ష విధించింది. ఆనాటి గనుల మంత్రితో సహా ఇద్దరిని నిర్దోషులుగా ప్రకటించింది. అప్పీలు దశలో తెలంగాణ హైకోర్టు శిక్ష అమలును నిలిపివేసింది. కేసు నుండి తీర్పుకు పదిహేనేళ్లకు పైగా పట్టిందన్నది గమనించవలసిన విషయం. సరిహద్దుకు ఆవలి కర్ణాటకలో 2011 నాటి లోకాయుక్త నివేదిక ఇంకా పెద్ద మొత్తం చెప్పింది: 2006–2010 మధ్య 16,085 కోట్ల నష్టం.

ఇది మొదటి నష్టం మాత్రమే. 2010 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతిని ఆపింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలనే నిలిపివేసింది. 2013 ఏప్రిల్‌లో గనులను మూడు తరగతులుగా విడదీసి, అక్రమాలు ఎక్కువగా జరిగిన వాటి లీజులు రద్దు చేసి, మిగిలినవాటికి షరతులతో దారి తెరిచింది. ఈలోగా సక్రమంగా నడిచిన గనులూ మూతపడ్డాయి. వాటి నుండి రావలసిన రాయల్టీ, రైల్వే కిరాయి, లారీ డ్రైవరు బత్తెం, అన్నీ ఆగాయి. ఎన్నూరు బెర్తు ఖాళీగా ఉండడం ఈ రెండవ నష్టంలోనిదే.

పోయిన రాబడిని ప్రభుత్వం ఎక్కడో ఒకచోట భర్తీ చేసుకోవాలి. జీతాలు, పెన్షన్లు, పాత అప్పుల వడ్డీ ఆపడం కుదరదు. అందుచేత ముందుగా వాయిదా పడేవి మురుగుకాలువ, పాఠశాల గది, ఆసుపత్రి పడకలు. అప్పు తెద్దామంటే దానికీ పరిమితి ఉంది. తెచ్చినా వడ్డీ పెరుగుతుంది. 2017లో జీఎస్టీ వచ్చిన పిమ్మట రాష్ట్రాలు సొంతంగా పెంచుకోగల పెద్ద రాబడులు కొద్ది: పెట్రోలు, డీజిలు, మద్యం, రిజిస్ట్రేషను. గనిలో ఎగవేసిన సొమ్ము ఈ దారిన ఆటో ఛార్జీలోనికి, కూరగాయల ధరలోనికి వచ్చి కూర్చుంటుంది. అవినీతి వల్ల నష్టం అనే పద్దు మాత్రం ఏ బడ్జెటు పుస్తకంలోనూ కనిపించదు!

స్థానిక సంస్థల లెక్క కూడా ఇంతే. పెద్ద గోదామును కాగితం మీద చిన్నదిగా చూపితే ఆస్తిపన్ను తగ్గుతుంది. ఆ పక్కవీధిలో అద్దెకున్నవారి కాలువ అట్లాగే పొంగుతుంది. ఇక్కడ మనకు ఉపయోగపడే రెండు చట్టాలు ఉన్నాయి. 2018 సవరణ తరువాత అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలోగా పోలీసులకు గాని, దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే వారికి రక్షణ ఉంది. తమిళనాడులో ఇటువంటి ఫిర్యాదులు తీసుకునేది నిఘా, అవినీతి నిరోధక సంచాలక కార్యాలయం. దానిని డీవీఏసీ అంటారు. ఇక 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మీ వీధి పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి. దరఖాస్తు తమిళంలో గాని, ఆంగ్లంలో గాని, హిందీలో గాని ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెప్పినా దానిని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి తగిన సహాయం చేయాలని చట్టమే చెబుతున్నది.