మాంసం మానిన తొలి వారాలు... కడుపులో కలిగే మార్పులు

* పీచు పెరిగితే వాయువు సహజం
* ఒంటిపూట భోజనంతోనే అసలు చిక్కు
* మధుమేహులు, మద్యం అలవాటున్నవారు ముందే వైద్యుణ్ని కలవాలి

గుంటూరు: కార్తీక మాసం ప్రవేశించిందంటే జిల్లాలో నల్లని వస్త్రాలు, మెడలో మాలలు కనిపించని వీధి ఉండదు. అయ్యప్ప దీక్ష చేపట్టినవారు 41 రోజుల పాటు మాంసం, మద్యం, పొగాకు విడిచిపెడతారు. విజయవాడ ఇంద్రకీలాద్రికి వెళ్లే భవానీ మాలధారులదీ ఇదే నియమం. మాల వేసుకోని ఇళ్లలోనూ ఈ నెలంతా మాంసం వండనివారు ఎందరో ఉన్నారు. అయితే ముందు రోజు వరకు మాంసాహారం తిని, ఒక్కసారిగా శాకాహారానికి మారినప్పుడు మొదటి వారం పది రోజుల్లో కొందరికి కడుపు ఉబ్బరం, వాయువు, విరేచనంలో తేడా, ఛాతీలో మంట ఎదురవుతాయి.

దీన్ని 'ఒంట్లోని చెడు బయటికి పోవడం' అని కొందరు సరిపెట్టుకుంటారు. 'మనకు కూరగాయలు పడవు' అని మరికొందరు దిగులు పడతారు. రెండూ సరికావు. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం సహజమైనవి, వాటంతట అవే సర్దుకునేవి. కొన్ని ఆహారం వల్ల కాక తినే తీరు వల్ల వచ్చేవి. ఇంకొన్ని మాత్రం ఏమాత్రం నిర్లక్ష్యం చేయరానివి. ఏది ఏ కోవకు చెందుతుందో తెలుసుకుంటే దీక్షా కాలం ఆరోగ్యంగా గడుస్తుంది.

మారేది ఎంత?

కేంద్ర ప్రభుత్వం 2014లో నిర్వహించిన నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 98 శాతం మంది మాంసాహారులే. అయినా మన మాంసాహారి భోజనంలోనూ అన్నం, పప్పు, పచ్చడి, మజ్జిగ ఉండనే ఉంటాయి. వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే మాంసం తినేవారి కడుపునకు దీక్ష పెద్ద మార్పేమీ కాదు. రోజూ కోడికూరో, చేపలో, గుడ్డో లేనిదే ముద్ద దిగనివారికే తేడా బాగా తెలుస్తుంది.

మాంసంలో పీచు పదార్థం అసలే ఉండదు. దాని స్థానంలోకి కందిపప్పు, శనగలు, చిక్కుళ్లు, ఆకుకూరలు వచ్చేసరికి కడుపులోకి చేరే పీచు ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. కాబట్టి పెరగడం మంచిదే. అది అకస్మాత్తుగా పెరగడమే ఇబ్బంది.

వాయువు ఎందుకు వస్తుంది?

అన్నంలోని పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమవుతాయి. పీచును అరిగించే ఎంజైములు మనిషికి లేవు. అది పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అప్పుడు హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ పుడతాయి. కంది, శనగ, బొబ్బర్లు, రాజ్మా వంటి వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వీటినీ మనం జీర్ణం చేసుకోలేం. పప్పులు తింటే వాయువు చేస్తుందన్న పెద్దల మాటకు మూలం ఇదే.

ఈ పులియడం వృథా ప్రక్రియ కాదు. ఇందులో పుట్టే కొన్ని కొవ్వు ఆమ్లాలే పెద్దపేగు లోపలి పొరకు ప్రధాన ఆహారం. సూక్ష్మజీవులు కొత్త ఆహారానికి త్వరగానే స్పందిస్తాయి. అమెరికాలో పది మంది వాలంటీర్లకు ఐదేసి రోజులు పూర్తి శాకాహారం, మాంసం-గుడ్లు-జున్నుతో కూడిన ఆహారం విడివిడిగా ఇచ్చి చేసిన పరిశోధన 2014లో 'నేచర్' పత్రికలో వెలువడింది. జంతు సంబంధ ఆహారం పేగులకు చేరిన ఒకటి రెండు రోజుల్లోనే అక్కడి సూక్ష్మజీవుల పొందిక మారినట్లు అందులో తేలింది. పాత ఆహారానికి తిరిగి వచ్చాక రెండు మూడు రోజుల్లో పొందికా పూర్వస్థితికి వచ్చింది. అయితే మనిషికి ఉబ్బరం తెలియకుండా పోవడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, కొందరికి మరికొంత కాలం పడుతుంది.

దీక్షలో ఉల్లి, వెల్లుల్లి తిననివారికి మరో అనుభవం ఎదురుకావచ్చు. ఈ రెంటిలో ఉండే ఫ్రక్టాన్లు కూడా పెద్దపేగులో పులిసి వాయువు పుట్టించేవే. అవి మానడంతో కడుపు తేలికైనట్లు కొందరికి అనిపిస్తుంది. మరోవైపు, మాంసం లేని లోటు తీర్చుకోవడానికి పాలు ఎక్కువగా తాగేవారిలో ఉబ్బరం పెరగవచ్చు. దక్షిణాదిలో పెద్దలు చాలామందికి పాలలోని చక్కెరను జీర్ణం చేసే శక్తి తక్కువ. అటువంటివారికి పాలకంటే పెరుగు, మజ్జిగ సులువుగా ఇముడుతాయి.

విరేచనంలో తేడా

పీచు నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల విరేచనం మెత్తగా, ఎక్కువ పరిమాణంలో అవుతుంది. రోజుకు ఒకసారి వెళ్లేవారు రెండుసార్లు వెళ్లవచ్చు. ఆకుకూరలతో పచ్చని ఛాయ, బీట్‌రూట్‌తో ఎర్రని ఛాయ రావడమూ ఉంది.

కొందరికి ఇందుకు భిన్నంగా మలబద్ధకం కలుగుతుంది. చలికాలంలో నీళ్లు తక్కువ తాగడం, పప్పు కూరలు తగ్గించి పాలిష్ పట్టిన బియ్యపు అన్నం, పులిహోర, ఉప్మాలతోనే కడుపు నింపుకోవడం ఇందుకు కారణాలు. సిగరెట్ మానినవారికీ తొలి వారాల్లో మలబద్ధకం రావచ్చు. నికోటిన్‌కు పేగులను కదిలించే గుణం ఉండటమే కారణం. ఆ నెపాన్ని శాకాహారం మీద వేసి మళ్లీ పొగ తాగడం తగదు.

రెండు అపోహలు

మాంసం పేగుల్లో రోజుల తరబడి కుళ్లుతూ ఉంటుందన్న ప్రచారం నిజం కాదు. అందులోని మాంసకృత్తులు చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమై రక్తంలో కలుస్తాయి. 41 రోజులు మానితే మాంసాన్ని అరిగించే శక్తి పోతుందన్నదీ అపోహే. పప్పులోని మాంసకృత్తులను, మాంసంలోని వాటిని విడగొట్టేవి ఒకే ఎంజైములు. అవి రోజూ ఊరుతూనే ఉంటాయి.

తినే తీరుతోనే చిక్కు

దీక్షలో చాలామంది వేకువనే స్నానం చేసి, పూజ ముగించి, మధ్యాహ్నం భిక్ష వరకు కాఫీ, టీలతో గడుపుతారు. తర్వాత ఒక్కపూటే కడుపు నిండా తింటారు. ఖాళీ కడుపున కాఫీ, ఆపై వడలు, బజ్జీలు, నెయ్యి, పాయసాలతో కూడిన భోజనం, తిన్న వెంటనే నడుం వాల్చడం కొందరిలో పులితేపులకు, ఛాతీలో మంటకు దారితీస్తాయి. ఇది శాకాహార దోషం కాదు. భిక్షలో పరిమాణం తగ్గించుకుని, సాయంత్రం అల్పాహారంగా ఇడ్లీ, పండు, మజ్జిగ తీసుకుంటే చాలావరకు ఉపశమనం కలుగుతుంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముగించాలి.

పాటించవలసినవి

* మాల వేసుకోవడానికి రెండు వారాల ముందు నుంచే మాంసం తగ్గిస్తూ, పప్పు, కూరగాయలు పెంచుతూ రావాలి.
* తొలి రోజుల్లో పెసరపప్పు, బీర, సొర, పొట్ల మేలు. శనగలు, చిక్కుడు, క్యాబేజీ కొద్దికొద్దిగా పెంచాలి.
* శనగలు, బొబ్బర్లు, రాజ్మాలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో మెత్తగా ఉడికించాలి. వాయువు పుట్టించే చక్కెరలు కొంత ఆ నీటితో పోతాయి.
* పీచుతో పాటు నీరూ పెరగాలి. నీరు తగ్గితే పీచే మలబద్ధకానికి కారణమవుతుంది.
* భోజనానికి గంట ముందు, గంట తర్వాత వరకు టీ, కాఫీలు వద్దని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించాయి. వాటిలోని టానిన్లు ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది.
* ఉబ్బరానికి పదేపదే సోడా పొడులు తాగడం రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. వాటిలో సోడియం అధికం.

వీరికి ముందే సలహా అవసరం

మధుమేహానికి ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు ఒంటిపూట భోజనం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. అప్పుడు వెంటనే పంచదార నీళ్లో, బెల్లమో తీసుకోవాలి. అలాగని నియమానికి భంగమని మందులు మానడమూ ప్రమాదమే. మోతాదు, వేళలు మార్చుకోవడం గురించి దీక్షకు ముందే వైద్యునితో మాట్లాడాలి. గురుస్వామికీ, తోటి స్వాములకూ చెప్పి ఉంచడం మేలు.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పులు, ఆకుకూరలు ఎంత తినవచ్చో అడిగి తెలుసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు. ఏళ్ల తరబడి రోజూ మద్యం తాగినవారు ఉన్నట్టుండి మానితే మొదటి రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, భ్రమలు, మూర్ఛ రావచ్చు. ఇది ప్రాణాపాయ స్థితి. ఆహారం మార్పు వల్ల వచ్చిన నీరసమనుకుని ఇంట్లోనే ఉంచకూడదు.

ఈ లక్షణాలుంటే ఆగవద్దు

విరేచనంలో రక్తం, తారులాంటి నల్లని విరేచనం, తగ్గని వాంతులు, జ్వరంతో కూడిన విరేచనాలు, కళ్లు పచ్చబడటం, కడుపు ఉబ్బి మలం, వాయువు రెండూ ఆగిపోవడం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గినా, నడివయసు దాటినవారిలో విరేచనపు అలవాటు మారి మూడు నాలుగు వారాలైనా సర్దుకోకపోయినా పరీక్షలు చేయించుకోవాలి. దీక్ష ముగిశాక చూద్దామని వాయిదా వేయడం వల్ల పేగు క్యాన్సర్ వంటి జబ్బులు ముదిరే ప్రమాదముంది.

మాల తీశాక...

ఇరుముడి సమర్పించి ఇంటికి చేరిన మర్నాడే వేటమాంసం, బిర్యానీలతో విందు చేసుకోవడం పరిపాటి. అరిగించే శక్తి పోకపోయినా, కొవ్వు, మసాలా ఒక్కసారిగా ఎక్కువైతే అజీర్తి తప్పదు. పిత్తాశయంలో రాళ్లున్నవారికి ఇటువంటి భోజనం తర్వాతే కుడి డొక్కలో తీవ్రమైన నొప్పి రావడం కద్దు. గుడ్డు, చేపలతో మొదలుపెట్టి, కొద్ది మోతాదులో పెంచుకోవాలి. మాంసం మళ్లీ తిన్నా పప్పు, కూరగాయలను కంచంలోంచి తీసివేయనక్కరలేదు. 41 రోజుల్లో పేగులకు అలవాటైన పీచును కొనసాగిస్తే ఆ మేలు నిలుస్తుంది.

శాకాహారంలోనే స్థిరపడాలనుకునేవారు బి12 విటమిన్ విషయంలో జాగ్రత్త వహించాలి. కాలేయంలో దీని నిల్వలు ఏళ్ల తరబడి సరిపోతాయి కనుక దీక్షాకాలంలో సాధారణంగా లోటు రాదు. పాలు, పెరుగు రోజూ తీసుకునేవారికి కొంత లభిస్తుంది. అవి కూడా మానినవారు, మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారు రక్తపరీక్ష చేయించుకుని, వైద్యుని సలహాపై బి12 మాత్రలు వాడాలి. అరికాళ్ల తిమ్మిర్లు, తగ్గని నీరసం, నాలుక పూత దీని లోపానికి సూచనలు.