కకూమా కాందిశీకుల సెల్‌ఫోను సంత

స్వాహిలీ భాషలో డబ్బును 'పెసా' అంటారు. అది మన పైసాయే. ఒకప్పుడు తూర్పు ఆఫ్రికాలో మన రూపాయి చెల్లుబడి అయ్యేది. 1920లో రూపాయి పోయింది గాని, పైసా మాత్రం అక్కడి జనం నోళ్లలో నిలిచిపోయింది. 2007లో కెన్యా దేశంలో సెల్‌ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఏర్పాటు వచ్చినప్పుడు దానికి 'ఎం-పెసా' అని పేరు పెట్టారు. నైరోబీలో కూలి చేసుకునే కొడుకు వీధి మూల కొట్టులో నోట్లిచ్చి, ఫోనులో నాలుగు అంకెలు నొక్కితే చాలు; పల్లెలో తల్లి తన ఊరి కొట్టుకు వెళ్లి ఆ నోట్లు పుచ్చుకుంటుంది. మనియార్డరు కోసం పోస్టుమాన్ దారి చూసే పని లేదు. మనం ఫోను చూపించి కొత్తిమీర కట్ట కొనడం నేర్చుకునే నాటికి వాళ్లకది పాత విద్య.

ఈ విద్య ఇల్లూ వాకిలీ వదులుకుని పరాయి దేశం చేరినవాళ్లకు ఎంతవరకు అన్నం పెడుతుందా అని నాకు చాలాకాలంగా కుతూహలం. అందుకు కారణం మా వీధిలోని రంగం మామ్మగారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లకు రంగం అంటే యుద్ధరంగం కాదు, బర్మాలోని రంగూను. అక్కడి బియ్యపు మిల్లుల్లోనూ, రేవులోనూ మనవాళ్లు వేలకు వేలు పనిచేసేవారు. జపాను బాంబులు పడ్డాక 1942లో అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చినవారిలో ఆవిడా ఒకరు. "నగలు పోతే పోయాయి బాబూ, ఫలానావాళ్ల మనిషినని చెప్పుకోవడానికి చిత్తు కాగితం కూడా మిగల్లేదు" అనేవారు. అప్పట్లో ఆ మాట నాకు అంతగా బోధపడలేదు. కకూమా సంగతులు చదివాక బోధపడింది.

కెన్యాకు వాయవ్య మూల, దక్షిణ సూడాను సరిహద్దుకు దగ్గరగా, తుర్కానా అనే మెట్టప్రాంతం ఉన్నది. మన రెంటచింతల ఎండలు అక్కడ ఏడాది పొడుగునా కాస్తాయనుకోండి. 1992లో సూడాను అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లల కోసం అక్కడ కకూమా శిబిరం పెట్టారు. తరువాత సోమాలియా, కాంగో, బురుండి, ఇథియోపియా దేశాలవాళ్లు వచ్చి చేరారు. 2016లో ప్రక్కనే కలోబెయే అనే మరొక వాడ వెలిసింది. రెండూ కలిపి ఇప్పుడు సుమారు మూడు లక్షల మంది. తాత్కాలికమని వేసిన గుడారాల్లో పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుట్టారు!

మొదట్లో జొన్నలు, పప్పుగింజలు, నూనె కొలిచి ఇచ్చేవారు. మనిషి ఉత్త జొన్నలతో ఎన్నాళ్లు బ్రతుకుతాడు? ఉప్పు కావాలి, పాలు కావాలి, పిల్లకు చెప్పులు కావాలి. కనుక ఆ జొన్నలే వచ్చిన ధరకు తెగనమ్మి తక్కినవి కొనుక్కునేవారు. 2015లో ప్రపంచ ఆహార కార్యక్రమం వారు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. కుటుంబానికొక సిమ్ము కార్డు ఇచ్చి, రేషనులో కొంత భాగానికి సరిపడే మొత్తాన్ని నెలనెలా ఫోనులోకి పంపించడం మొదలుపెట్టారు. దానిపేరు 'బాంబా చకూలా', అంటే నీ తిండి నువ్వు అందుకో అని. ఆ మొత్తంతో తిండి సరుకులే కొనాలి. సారా, పొగాకు కుదరదు. కొనడం కూడా పేరు నమోదైన కొట్లలోనే. అయితే కొట్లు పెట్టుకున్నవారిలో కాందిశీకులూ ఉన్నారు, స్థానికులైన తుర్కానావాళ్లూ ఉన్నారు. నాకు నచ్చిన సంగతి ఇదే.

ఎందుకంటే తుర్కానావాళ్లు మేకలూ ఒంటెలూ మేపుకునే బీదజనం. వానలు లేని ఏడు మందలు చచ్చిపోతాయి. ఎక్కడినుంచో వచ్చినవాళ్లకు తిండీ, ఆసుపత్రీ, బడీ దొరుకుతుంటే, మా నేల మీద మేమే ఆకలితో ఉన్నామే అన్న గుర్రు వాళ్లకు ఉండదా మరి! కట్టెలూ బొగ్గూ మోసుకొచ్చి శిబిరంలో అమ్ముకోవడం, దానికి బదులు ఇంత రేషను తీసుకుపోవడం, చాలాకాలం వాళ్లకు మిగిలిన బేరం ఇంతే. 2016లో ప్రపంచ బ్యాంకు ఒక పెద్ద అధ్యయనం ప్రకటించింది. శిబిరం ఉండడం వల్ల తుర్కానా ప్రాంతపు ఆదాయం మూడు శాతానికి పైగా పెరిగిందని అందులో లెక్క కట్టారు. వ్రాసిన ముగ్గురిలో ఒకరి పేరు వరలక్ష్మి వేమూరు. ఎక్కడో ఎడారిలో మన ఇంటిపేరు పలకరించినట్టయింది నాకు. మరి రెండేళ్లకు ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఇదీ ప్రపంచ బ్యాంకు కుటుంబంలోదే) మరొక లెక్క తీసింది: కకూమాలో రెండు వేలకు పైగా కొట్లూ వ్యాపారాలూ ఉన్నాయట; కుటుంబాల ఖర్చు సాలుకు 5 కోట్ల 60 లక్షల డాలర్లట. అంతవరకు ధర్మసత్రమనుకున్నది కాస్తా అంగడి అని తేలింది.

ఇంతవరకు బాగున్నది. కాని షావుకారు లేని సంత లోకంలో ఎక్కడా ఉండదు గదా. ఫోనులో డబ్బు పడేది నెలకొకసారి; ఆకలి రోజుకు రెండుసార్లు. కనుక అప్పు. అప్పుకు హామీ ఏమిటి? ఆ సిమ్ము కార్డే! దాన్ని కొట్టువాడి దగ్గర వదిలిపెట్టి రావడమే. మన పల్లెల్లో రేషను కార్డు తాకట్టు పెట్టిన సంసారాలు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కలోబెయేలో ఈ సంగతి పట్టి చూపించారు. కార్డు ఒక కొట్టులో చిక్కుకుంటే మరొక కొట్టుకు పోయి బేరమాడే వీలు లేదు. వాడు చెప్పిందే ధర. సరుకులకే తప్ప చెల్లని సొమ్మును తక్కువకు మార్చుకుని నష్టపోయేవారూ ఉన్నారు. తరువాత కొన్ని కుటుంబాలకు బ్యాంకు ఖాతాలోనే రొక్కం వేసి, ఏం కొనుక్కుంటారో మీ ఇష్టం అన్నారు. నా మట్టుకు నాకు అదే మర్యాదయిన పద్ధతి అనిపిస్తుంది. ఇల్లాలికి తన ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయిందో దూరాన ఆఫీసులో కూర్చున్న అధికారికంటే బాగా తెలుసు.

ఇక రంగం మామ్మగారి మాటకు వస్తాను. ఫోను కొనడం కష్టం కాదు, దానికి తన పేరున సిమ్ము సంపాదించడమే కష్టం. గుర్తింపు పత్రం లేనిదే సిమ్ము ఇవ్వరు, సిమ్ము లేనిదే పెసా లేదు. యుద్ధంలోంచి పరుగెత్తుకు వచ్చినవాడిని గుర్తింపు పత్రం తెమ్మంటే ఏం తెస్తాడు? పొరుగు దేశమైన ఉగాండా 2019లో ఒక మంచి పని చేసింది. కాందిశీకులు తమ నమోదు కాగితం చూపించినా సిమ్ము ఇవ్వవచ్చునని అనుమతించింది. కాగితం ముక్కే కావచ్చు, దానివల్ల తన ఫోను తన పేరున ఉంటుంది. తన సంపాదన మరొకరి పేరున జమ కావలసిన అగత్యం తప్పుతుంది.

ఎక్కడో ఉన్న కంపెనీకి ఇక్కడ కూర్చుని పనిచేసి పెట్టే ఉద్యోగాలకూ ఇదే చిక్కు. కకూమాలో అనువాదాలు, బొమ్మలు గీయడం, వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చిన యువకులున్నారు. శిబిరం దాటి వెళ్లాలంటే అనుమతి చీటీ కావలసినవారికి ఇంతకంటే అనువైన కొలువు ఏముంది? తీరా పని ముగించాక, ఖాతా తెరవడానికి నీ గుర్తింపు పత్రం చెల్లదంటారు. వేరొకరి ఖాతా అరువు తెచ్చుకుంటే వాళ్లకు వాటా ఇవ్వాలి. విద్యుత్తు పోయిందా, ఆనాటి కూలీ పోయినట్టే. స్థానిక పిల్లలకోసం తుర్కానా సరస్సు ఒడ్డున 2021లో ఒక కంప్యూటరు విద్యాలయం కట్టారు. చెదపుట్టల్లో గాలి ఆడే తీరు చూసి, ఎత్తైన గోపురాలతో దాన్ని రూపొందించినవాడు బుర్కినా ఫాసోలో పుట్టిన ఫ్రాన్సిస్ కేరే. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమానం వచ్చింది. మేకలు కాసే ఇళ్ల పిల్లలు ఆ చల్లటి గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని పని నేర్చుకుంటున్నారు.

కెన్యా ప్రభుత్వం 2021లో కాందిశీకుల చట్టం మార్చి పనిచేసుకునే హక్కుకు దారి వేసింది. 2025 మార్చిలో 'షిరికా' పథకం ప్రకటించింది. శిబిరాలను క్రమేణా స్థానికులూ కాందిశీకులూ కలిసి బ్రతికే ఊళ్లుగా మార్చడం దాని ఉద్దేశం. సరిగా అదే ఏడు, విరాళాలిచ్చే దేశాలు చేయి బిగించడంతో కకూమాలో రేషను బాగా కోసేశారు. జనం వీధుల్లోకి వచ్చి ఆందోళన చేశారు. ఫోన్లలో పడే మొత్తాన్ని నమ్ముకుని అప్పులు పెట్టిన కొట్లవాళ్లకు, వాళ్లు కాందిశీకులే గానీ, తుర్కానావాళ్లే గానీ, ఆ పద్దులు వసూలయ్యే దారేది? కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే బయలుదేరే తుర్కానా ఆడవాళ్ల బేరమూ ఆ పొయ్యిల మీదనే ఆధారపడి ఉన్నది.