మోర్మన్ ఆరాధనలో ‘నాకు తెలుసు’: హృదయం పలికే మాటా, సంఘం ఆశించే మాటా?

నెలలో మొదటి ఆదివారం మోర్మన్ ప్రార్థనా మందిరాల్లో ముందుగా నియమించిన వక్తలు ఉండరు. రెండు పూటల భోజనం మాని, ఆ సొమ్మును పేదల కోసం సమర్పించిన సభ్యులు ఆరాధనకు వస్తారు. చెప్పాలనిపించినవారు లేచి వెళ్లి తమ విశ్వాసాన్ని గురించి సాక్ష్యం చెబుతారు. రాసుకొచ్చిన ప్రసంగం కాకుండా, మనసులో ఉన్నదే పలకాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం.

అయితే ఏళ్ల తరబడి వింటున్నవారికి తరువాతి వాక్యం ఏమిటో ముందే తెలిసిపోతుంది. సంఘం సత్యమైనదని తెలుసు, జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని తెలుసు, మోర్మన్ గ్రంథం దేవుని వాక్యమని తెలుసు అన్న వరుస అన్నిచోట్లా వినిపిస్తుంది. స్వేచ్ఛగా పలకాల్సిన మాటే ఆనవాయితీగా మారినప్పుడు, నమ్మకం ఇంకా స్థిరపడని వ్యక్తి ఏం చెప్పాలి? ఈ మతసంఘంలో చాలాకాలంగా సాగుతున్న చర్చకు మూలం ఈ ప్రశ్నే.

సామాన్యులే బోధకులు

‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అన్నది ఈ సంఘం అధికారిక నామం. 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ దీన్ని స్థాపించారు. ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. ‘మోర్మన్’ అన్న వాడుక పేరుకు బదులు పూర్తి పేరునే ఉపయోగించాలని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరారు. సంఘం లెక్కల ప్రకారం సభ్యుల సంఖ్య 1.7 కోట్లకు పైనే. వారిలో సగానికి పైగా అమెరికా వెలుపలివారు.

స్థానిక సంఘాల్లో జీతం తీసుకునే మతగురువులు ఉండరు. బిషప్ సైతం వేరే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ బాధ్యత నిర్వహిస్తారు. ప్రార్థన చేసేదీ, ప్రసంగించేదీ, బోధించేదీ సామాన్య సభ్యులే. అందువల్ల ప్రతి ఒక్కరి మాటా, కట్టూబొట్టూ, కంఠస్వరం కూడా ఇరుగుపొరుగు దృష్టిలో పడతాయి.

నిర్దిష్ట ప్రార్థన, స్వేచ్ఛా సాక్ష్యం

ఆదివారం ఆరాధనకు కేంద్రం రొట్టె, నీరు పంచే సంస్కారం. అప్పుడు చదివే రెండు ప్రార్థనలు అక్షరం మారకుండా ఉండాలి. మాట తడబడితే బిషప్ సూచన మేరకు మళ్లీ మొదటి నుంచి చదువుతారు. మిగిలిన ప్రార్థనలను దాదాపుగా ఎవరికి తోచిన మాటల్లో వారు చేస్తారు.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. మాటలు ముందే నిర్ణయమైన ప్రార్థనలో, చదివే యువకుడి విశ్వాసం ఎంత గాఢమైనదో ఎవరూ బేరీజు వేయరు. మాటలు స్వేచ్ఛగా ఉండాల్సిన సాక్ష్యంలోనే ఆ పరీక్ష ఎదురవుతుంది. నియమం లేనిచోట అలవాటే నియమమై కూర్చుంటుంది.

భాష కూడా ఈ చిక్కును పెంచుతుంది. ఆంగ్లంలో దేవుణ్ని ‘దౌ’, ‘దీ’ వంటి పాతకాలపు పదాలతో సంబోధించాలని సంఘ నేత డాలిన్ హెచ్. ఓక్స్ 1993లో బోధించారు. ఒకప్పుడు ఆ పదాలు ఆత్మీయులను ఏకవచనంలో పిలిచేవి. నిత్య వాడుక నుంచి తొలగిపోవడంతో నేడవి గంభీరంగా, దూరంగా వినిపిస్తాయి. తెలుగులో మాత్రం దేవుణ్ని ‘నీవు’ అనడం నేటికీ సహజమే. ఒక భాషలో ఆత్మీయతగా తోచేది మరో భాషలో లాంఛనంగా తోచవచ్చు.

గ్రంథంలోనే హెచ్చరిక

యాంత్రిక ఆరాధనపై విమర్శ బయటి నుంచి వచ్చినది కాదు. మోర్మన్ గ్రంథంలోని ఆల్మా భాగంలో జోరమీయులనే జనం కనిపిస్తారు. వారు వారానికోసారి ఒక్కరే నిలబడగల ఎత్తైన వేదికనెక్కి, ఒకరి తరువాత ఒకరు ఒకే ప్రార్థన పలుకుతారు. తమను ప్రత్యేకంగా ఎన్నుకున్నందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పి ఇంటికి వెళ్తారు. మళ్లీ వారం వరకు దేవుని ఊసెత్తరు. అదే గ్రంథంలోని మొరోనై భాగం, నిజమైన ఉద్దేశం లేని ప్రార్థన వల్ల ప్రయోజనం లేదని బోధిస్తుంది. నిత్యం ఈ గ్రంథాన్నే చదివేవారు కనుక, తమ సాక్ష్య సభ ఆ వేదికను తలపిస్తున్నదా అన్న సందేహం సభ్యులకే కలుగుతుంది.

‘తెలుసు’కూ ‘నమ్ముతున్నాను’కూ నడుమ

సంఘ నేతల బోధలు ఒకే దిశలో సాగలేదు. సాక్ష్యం చెప్పడంలోనే అది లభిస్తుందని అపొస్తలుడు బాయిడ్ కె. ప్యాకర్ 1983లో ప్రచురితమైన బోధలో పేర్కొన్నారు. ఇది నమ్మకానికి ముందే మాటను పలికించడమని విమర్శకుల అభ్యంతరం. సాధనతోనే విశ్వాసం బలపడుతుందని, మాటలు పాతవైనంత మాత్రాన భావం అబద్ధం కాదని సమర్థకుల సమాధానం.

మరోవైపు, కన్నీళ్లనూ భావోద్వేగాన్నీ పరిశుద్ధాత్మ సన్నిధిగా పొరబడటం తనకు ఆందోళన కలిగిస్తోందని, 1994-95లో అధ్యక్షుడిగా ఉన్న హోవర్డ్ డబ్ల్యూ. హంటర్ అంతకుముందే హెచ్చరించారు. తల్లిదండ్రులు చెవిలో చెబుతుంటే పసిపిల్లలు వేదికపై సాక్ష్యం వల్లించే అలవాటుపైనా, చిన్నారులకు ఇంటివద్ద నేర్పడం మేలని 2002లో అధ్యక్షవర్గం లేఖ రాసింది.

2013 ఏప్రిల్ మహాసభలో అపొస్తలుడు జెఫ్రీ ఆర్. హాలండ్ ఒక 14 ఏళ్ల బాలుడి ఉదంతం వివరించారు. సంఘం సత్యమైనదని తనకు ఇంకా తెలియదని, కానీ నమ్ముతున్నానని ఆ బాలుడు సంకోచంతో చెప్పాడు. హాలండ్ అతణ్ని హత్తుకుని, నమ్మకమన్నది అమూల్యమైన మాటని, అందుకు క్షమాపణ అక్కరలేదని ధైర్యం చెప్పారు. ఆ బాలుడు సంకోచించాడన్న వాస్తవమే ఆనవాయితీ బలాన్ని తెలుపుతుంది.

మౌనానికి మూల్యం

ఈ విషయం వేదికకే పరిమితం కాదు. 18 ఏళ్ల ప్రాయం నుంచే యువకులు రెండేళ్ల మతప్రచార సేవకు వెళ్లాలని సంఘం ఆశిస్తుంది. దేవాలయ ప్రవేశానికి జరిగే ముఖాముఖిలో విశ్వాసంపై ప్రశ్నలుంటాయి. సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఏటా మతనాయకుడి ఆమోదం అవసరం. కుటుంబం, పెళ్లి సంబంధాలు, చదువు అన్నీ సంఘంతో ముడిపడినచోట ‘నాకు ఇంకా తెలియదు’ అనడం తేలిక కాదు. చాలామంది మౌనాన్ని ఆశ్రయిస్తారు, కొందరు తమది కాని మాటను పలుకుతారు.

దుస్తుల విషయంలోనూ ఇదే పరిస్థితి. పురుషులకు తెల్లచొక్కా తప్పనిసరి కాకపోయినా, అది లేనివారు ప్రత్యేకంగా కనిపిస్తారు. 2012 డిసెంబరులో కొందరు మహిళలు ప్యాంటు ధరించి ఆరాధనకు రావాలని పిలుపునిస్తే తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. గౌరవసూచకంగా ఉన్నంతలో మంచి దుస్తులు ధరించాలనడం మినహా తమ సూచన ఏమీ లేదని సంఘం స్పష్టం చేసింది. అంటే ఆగ్రహానికి ఆధారం నియమం కాదు, అలవాటు.

తెలుగునాట

భారత్‌లో ఈ సంఘపు తొలి ‘స్టేక్’, అంటే స్థానిక సంఘాల సముదాయం, 2012లో హైదరాబాద్‌లో ఏర్పడింది. మోర్మన్ గ్రంథం తెలుగులోనూ లభిస్తుంది. తెలుగు క్రైస్తవులకు సాక్ష్యం చెప్పడం పరిచితమే. కష్టం ఎలా గట్టెక్కిందో, జీవితం ఎలా మారిందో చెప్పడం ఇతర సంఘాల్లోనూ ఉన్నదే. ఆ నేపథ్యం నుంచి వచ్చిన వ్యక్తికి, యూటాలో స్థిరపడిన ‘నాకు తెలుసు’ వరుస తన విశ్వాసానికి భాష ఇవ్వవచ్చు, లేదా సొంత కథను పక్కకు నెట్టవచ్చు.

పదేపదే పలికినంత మాత్రాన మాట అబద్ధం కాదు, కన్నీరు కార్చినంత మాత్రాన నిజమూ కాదు. పలికేవారి అంతరంగాన్ని తూచే కొలమానం సంఘం చేతిలో లేదు. ‘ఆశిస్తున్నాను’, ‘వెదుకుతున్నాను’ అన్నవారినీ అదే ఆదరంతో వినడం మాత్రం దాని చేతిలో ఉంది. వారు వేదిక దిగి తిరిగి తమ వరుసలో నిస్సంకోచంగా కూర్చోగలిగితే, ‘నాకు తెలుసు’ అన్నవారి మాటకు కూడా విలువ పెరుగుతుంది.