మిద్దెలోకి చల్లగాలి ఏ దారిన?

నంద్యాల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! మే నెలలో 45 డిగ్రీలన్నా ఇక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. ఆ ఎండను ఎరిగినవాళ్లు కట్టినవే పాత మిద్దెలు. రెండడుగుల మందాన రాతిగోడ, దూలాలు, దంతెలు, వాటిపైన చవుడు మట్టి. పగలు లోపల హాయి. అయితే కాగిన గోడ రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పూర్వం పొద్దుగూకితే అందరూ మిద్దె మీదికెక్కి పడుకునేవారు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. తలుపులు బిగించుకుని లోపల పడుకునే కాలంలో ఏసీ కావాల్సిందే.

ఇల్లంతటికీ ఒకే యంత్రం పెట్టి, డక్టుల్లో గాలి పంపాలంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. ఐదు టన్నులకు రెండు వేలు. అంత గాలి రొద లేకుండా పోవాలంటే అసలు డక్టు రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండాలి. మట్టితో పేర్చిన రాతిగోడకు అంత కన్నం పెడితే పైరాళ్లు జారతాయి. శిల్పులకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో రాయి కోసే చేతులకు కొదవ లేదు, నిజమే. కానీ విడిరాతిని చెక్కడం వేరు, బరువు మోస్తున్న గోడను తొలచడం వేరు. అందుకే అసలు డక్టును పడసాల వెంట నడిపి, తలుపుల పైనున్న వెంటిలేటర్ల గుండా చిన్న పాయలు గదుల్లోకి తీసుకోవడం మేలు. గదిలోకి వెళ్లిన గాలి తిరిగి యంత్రానికి చేరే దారీ ఉండాలి. వెలుగు కోసం మిద్దె కప్పులో వదిలిన గవాచి తెరిచే ఉంటే డబ్బుపెట్టి చల్లబరిచిన గాలి ఆకాశానికి పోతుంది. దానికి గాజుమూత బిగించాలి, వెలుగూ పోదు.

అసలు శత్రువు నీళ్లు. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ముద్రణాలయానికి ఈ యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు, కాగితానికి పట్టే తేమను అదుపు చేయడానికి. గాలిలోంచి పిండిన ఆ నీరు ఎక్కడికో పోవాలిగా! పైపుకు వాలు లేకుంటే ఇంట్లోకే కారుతుంది. డక్టు రేకు మీదా గాలిలోని తేమ అలాగే నీరవుతుంది. ఏప్రిల్‌లో బిగిస్తే పొడిగాలికి చుక్క కారదు, మేస్త్రీ మంచిపేరు తెచ్చుకుని వెళ్లిపోతాడు. వానలు పడి గాలిలో తేమ పెరిగాక చల్లటి రేకుకు చెమటపడుతుంది. రబ్బరు తొడుగు సందు లేకుండా అతికించకపోతే ఆ చెమట దూలాలకెక్కుతుంది, వెనకే చెదలు వస్తాయి. వీటన్నిటినీ ఫాల్స్ సీలింగ్‌తో కప్పేస్తే దూలం పుచ్చిన సంగతి అది వంగేదాకా తెలియదు. నన్నడిగితే పడసాలలో డక్టు కనబడుతూ ఉండటమే నయం. అందం తగ్గితే తగ్గనీ.

పాత దూలాలకు ఏదీ వేలాడదీయకూడదు. డక్టుకు గోడల మధ్య ఇనుప పట్టీలు వేయాలి. బయటి యూనిట్‌ను మట్టి మిద్దె మీద కాక పెరట్లో నాపబండ పరిచి, దాని మీద నిలపాలి. నిజానికి రెండు గదులు చల్లబడితే చాలనుకునే ఇంటికి డక్టులే వద్దు. రెండు విడి స్ప్లిట్లు చాలు, గోడకు పిడికిలంత కన్నంతో పని అయిపోతుంది.

ఏది పెట్టినా ముందు మిద్దె పైభాగానికి తెల్లసున్నం కొట్టించి, ఆ తర్వాతే టన్నుల లెక్క కట్టించుకోవాలి. ఐదు టన్నులదైతే సాధారణంగా త్రీఫేజ్ కరెంటు కావాలి. పాత ఇంటి మీటరు సింగిల్ ఫేజ్ అయితే, ఎండలు ముదిరేదాకా ఆగకుండా సంక్రాంతికే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.