యునానీ యను మాట



చార్మినారునకు చేరువనే, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనాకాలమున (1911–1948) కట్టబడిన పెద్ద వైద్యశాల కలదు. అచట నేటికిని యునానీ వైద్యము జరుగుచున్నది. పల్లెలనుండి వచ్చిన పెద్దలు కొందఱు దానిని జూచి, "ఇది మహమ్మదీయుల మందు, మనకు పడునో పడదో" యని సంశయించి మరలిపోవుట నే నెఱుగుదును. హకీములు దానిని పోషించినమాట నిజమే. కాని ఆ పేరు చెప్పు కథ వేఱు.

నేటి తుర్కీదేశపు పడమటి సముద్రతీరమున పూర్వము గ్రీకులు నివసించిన సీమకు అయోనియా యని పేరు. పారసీకులు గ్రీకులనందఱిని ఆ సీమపేరుననే 'యౌన' యని పిలిచిరి. ఆ మాటయే సంస్కృతమున 'యవన', ప్రాకృతమున 'యోన', అరబ్బీలో 'యూనాన్' అయినది. యునానీ యనగా గ్రీకుదేశపుది యని యర్థము, అంతకన్న మఱేమియు లేదు.

ఇందుకు సాక్ష్యము మన తెలుగునాటనే కలదు. కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లపై అశోకుని ధర్మశాసనములు చెక్కబడియున్నవి. వానిలో రెండవది అంతియోకుడను యోనరాజును పేర్కొనుచున్నది. విచిత్రమేమన, ఆ శాసనము చెప్పునది వైద్యమునుగూర్చియే! తన రాజ్యమునను, ఆ యోనరాజు రాజ్యమునను మనుష్యులకు, పశువులకు చికిత్స యేర్పఱచితిననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు అశోకు డందు చెప్పుకొనెను. అది క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్ది.

పిదప 9వ శతాబ్దిలో బాగ్దాదు పండితులు గ్రీకు వైద్యగ్రంథములను అరబ్బీలోనికి మార్చిరి. హిప్పోక్రటీసు బుక్రాతయ్యెను, గేలెను జాలీనూసయ్యెను. ఆ విద్య పారసీకదేశము మీదుగా మన దక్కనునకు వచ్చెను.

మనవారు తరువాతి కాలమున యవనశబ్దమును మహమ్మదీయులకు వాడుటచే తికమక పుట్టినది. అయినను జాతకము వేయించునపుడు మనము పలుకు 'హోర', 'కేంద్రము' గ్రీకుమాటలే. వానిని మన జ్యోతిష్కులు శంకింపలేదు గదా!

ఈసారి హకీము మీ నాడి పట్టి 'బల్గమ్' హెచ్చినదనినచో బెదరకుడు. అది గ్రీకుల 'ఫ్లెగ్మ', మన వైద్యుడు చెప్పు శ్లేష్మము వంటిదే.