డీడీఆర్5 కొంటే ఈసీసీ వచ్చినట్టేనా? కొనేముందు ఇది చూసుకోండి

2003 మేలో బెల్జియం ఎన్నికల్లో ఓ వింత జరిగింది. బ్రసెల్స్ దగ్గరి స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడినట్టు కంప్యూటర్ చూపించింది. ఆమెకు అన్ని ఓట్లు రావడం అసాధ్యం కాబట్టి తప్పు దొరికిపోయింది. ప్రోగ్రామ్‌లో లోపమేమీ కనబడలేదు. 4,096 అంటే పన్నెండు రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్య. మెమరీలో ఒక్క బిట్ 0 నుంచి 1కి మారితే సరిగ్గా ఇంతే తేడా వస్తుంది. అదే జరిగి ఉంటుందన్నారు నిపుణులు.

దుకాణం లెక్కలు, పిల్లల ఫోటోలు ఉన్న ఇంటి కంప్యూటర్‌లోనూ ఇలా జరగొచ్చు. సిస్టమ్ ఆగిపోతే మనకు తెలుస్తుంది. బాకీ 1,000 కాస్తా 5,096 అయితే ఎవరికి తెలుస్తుంది? ఆ తప్పుడు ఫైలే బ్యాకప్‌లోకీ వెళ్తుంది.

దీనికి మందు ఈసీసీ మెమరీ. ప్రతి 64 బిట్లకు 8 బిట్లు అదనంగా రాసుకుంటుంది. చిట్టాలో అడ్డంగా, నిలువుగా మొత్తాలు వేసి ఏ గడిలో తప్పిందో పట్టుకున్నట్టే. ఒక బిట్ తప్పితే సరిచేస్తుంది, రెండు తప్పితే హెచ్చరిస్తుంది. గూగుల్ సర్వర్లపై 2009లో వచ్చిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. ఇంటి కంప్యూటర్ అంత పని చేయదనుకోండి, అయినా చిన్న సంఖ్య కాదు.

మరి ఇళ్లకు ఎందుకు రాలేదు? ఇంటెల్ చాలా ఏళ్లు దీన్ని ఎక్కువగా సర్వర్, వర్క్‌స్టేషన్ చిప్‌లకే ఉంచింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021లో ఇందుకు ఆ కంపెనీని గట్టిగానే తిట్టారు. 12వ తరం కోర్ ఐ7 లాంటివాటిలో ఈసీసీ ఉంది కానీ, డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డు కావాలి. మామూలు బోర్డు పెడితే పనిచేయదు. ఏఎండీ రైజెన్‌లో చాలావాటికి ఉంది, అదీ బోర్డు ఒప్పుకుంటేనే. 5600జీ లాంటి చిప్‌లకు మాత్రం లేదు, ప్రో రకమే తీసుకోవాలి.

"డీడీఆర్5లో ఈసీసీ ఉంటుంది కదా" అని ఎవరైనా అంటే సగమే నిజం. అది ర్యామ్ చిప్ లోపలి తప్పుల్ని మాత్రమే దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో తప్పితే దానికి సంబంధం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే సర్వర్ ర్యామ్ విషయంలోనూ జాగ్రత్త. అది 'రిజిస్టర్డ్' రకమైతే ఇంటి బోర్డుల్లో పనిచేయదు. 'అన్‌బఫర్డ్ ఈసీసీ' అని అడగాలి. డబ్బు కట్టేముందు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటి మోడల్ నంబర్లూ కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.